ఇసుకలోనికి బండను దించిన విశ్వాసి
సర్ ఆర్థర్ కాటన్ గారి జీవిత సాక్ష్యము



వేలూరులోను, గుడియాత్తంలోను ఏళ్ల తరబడి కాపురముంటున్న మన తెలుగు కుటుంబాలకు ఇసుక నది అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. కాట్పాడి నుండి వేలూరుకు వంతెన మీద వచ్చేటప్పుడు కిందకు చూస్తే, పాలారు సంవత్సరములో ఎక్కువ నెలలు తెల్లని ఇసుకగానే కనబడుతుంది. గుడియాత్తం ఊరి మధ్యగా పారే కౌండిన్య నది సంగతీ అంతే. నీళ్లు కావాలన్నప్పుడు ఉండవు. వచ్చిన రోజున ఆగవు. 2021 నవంబరులో ఈ రెండు నదులు పొంగి ఇండ్లలోనికి వచ్చినప్పుడు మనలో కొందరు సామాను నెత్తిన పెట్టుకొని వీధి దాటవలసి వచ్చింది.

అలాంటి నదిని ఎదుట పెట్టుకొని, ఈ ఇసుక మీద ఏమి కట్టగలము అని జీవితమంతా ఆలోచించిన ఒక ఇంజనీరు ఉన్నారు. ఆయన దేవుని యందు భయభక్తులు గల మనిషి. భార్యా బిడ్డలను ప్రేమించిన గృహస్థుడు. గోదావరి జిల్లాల నుండి వచ్చిన వారు ఆయన పేరు తల్లి పాలతోనే విని ఉంటారు. ఆయనే కాటన్ దొర అని మన వారు పిలుచుకొనే సర్ ఆర్థర్ కాటన్ గారు. ఆయన మన బాప్టిస్టు సంఘస్థుడు కాదు, ఇంగ్లండు సంఘమునకు చెందినవారు. అయినా విశ్వాసి తన వృత్తిని ఎలా చేయాలో నేర్చుకొనడానికి మన పిల్లలకు ఆయన జీవితము తగిన మాదిరి గనుక, ఈ సంచికలో ఆయనను జ్ఞాపకము చేసుకొనుచున్నాము.

బాల్యము, ఉద్యోగము

కాటన్ గారు 1803 మే 15వ తేదీన ఇంగ్లండులో జన్మించారు. తండ్రి పేరు హెన్రీ కాల్వెలీ కాటన్. పదకొండు మంది కుమారులున్న ఆ ఇంటిలో ఈయన పదవవాడు. పేరుగల వంశమే గాని, పదవ కుమారునికి ఆస్తి మీద ఆశ పెట్టుకొనే వీలు లేదు. చదువుకొని తన చేతుల మీద బ్రతకవలసిందే. పదిహేనేళ్ల వయసులో ఆడిస్కూంబ్‌లోని ఈస్టిండియా కంపెనీ సైనిక పాఠశాలలో చేరి, 1819లో మద్రాసు ఇంజనీర్ల దళములో ఉద్యోగము పొందారు. 1821లో మద్రాసు ఓడరేవులో దిగేనాటికి ఆయనకు పద్దెనిమిదేళ్లు. మన యింట్లో ఆ వయసు కుర్రవానిని ఒంటరిగా బెంగుళూరు పంపడానికే తల్లి కన్నీళ్లు పెడుతుంది. ఆయన తల్లి ఆ కుమారుని నెలల తరబడి సాగే ఓడ ప్రయాణమునకు సాగనంపింది.

మొదట దక్షిణ జిల్లాలలో, అంటే కోయంబత్తూరు, మధుర, తిరునెల్వేలి, తంజావూరు, తిరుచినాపల్లి ప్రాంతాలలో చెరువులు, కాలువలు చూచే పని అప్పగించారు. 1824లో బర్మా యుద్ధము రాగా అక్కడకు పంపబడి, ప్రాణాలతో తిరిగి వచ్చారు. యౌవనములోనే ఆయన క్రీస్తు యందలి విశ్వాసములో స్థిరపడ్డారు. అది ఆదివారమునకు మాత్రమే సరిపెట్టుకొనే విశ్వాసము కాదు. కొలబద్ద పట్టుకొన్నప్పుడు కూడ దేవుని యెదుటనే ఉన్నానని నమ్మే విశ్వాసము.

పాత మేస్త్రీల వద్ద నేర్చుకొన్న పాఠము

1828లో కావేరి నీటి పారుదల పని ఆయన చేతికి వచ్చింది. అప్పటికి తంజావూరు సీమ కష్టములో ఉంది. తిరుచినాపల్లి దగ్గర కావేరి రెండుగా చీలుతుంది. ఉత్తరపు పాయ కొల్లిడం పల్లములో ఉండుట వలన నీరంతా అటే పోయి, పొలాలకు పారే కావేరి పాయ ఏడాదికేడాది మేట వేసుకొని ఎండుతూ వచ్చింది. కొల్లిడానికి అడ్డము కట్టితే తప్ప తంజావూరు బ్రతకదు. అయితే అడుగున రాయి లేదు. ఎంత లోతు త్రవ్వినా ఇసుకే.

ఇసుక మీద ఇల్లు కట్టిన బుద్ధిహీనుని గూర్చి మన ప్రభువు చెప్పిన ఉపమానము మనకందరికీ తెలుసు. ఆ ఉపమానము చదువుకొన్న ఈ యువకునికి ఇసుక తప్ప వేరే నేల దొరకలేదు. అప్పుడు ఆయన ఏమి చేశారు? ఆ దగ్గరలోనే చోళ రాజుల కాలములో కట్టిన కల్లణై ఉంది. వందల యేళ్లుగా వరదలకు నిలిచి ఉంది. దానిని పరీక్షించారు. పాత మేస్త్రీలు పెద్ద పెద్ద రాళ్లను నదిలో వేసి, అవి ఇసుకలోనికి దిగిపోతే వాటి మీద మరల రాళ్లు వేసి, ఇక దిగనంత వరకు వేస్తూ పోయారని గ్రహించారు. ఇసుకను తీసివేయలేదు. ఇసుకలోనికే బండను దించారు.

ఆ పాఠముతో 1836లో కొల్లిడము మీద ఎగువ ఆనకట్ట, దిగువ ఆనకట్ట కట్టించారు. తంజావూరు తేరుకొంది. ఇక్కడ మనము గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. ఆ రోజులలో దొరలు ఈ దేశస్థులకు ఏమీ తెలియదని అనుకొనేవారు. కాటన్ గారు అలా అనుకోలేదు. ఇసుకలో పునాది వేయడము తాను ఈ దేశపు పాత పనివారి నుండే నేర్చుకొన్నానని బాహాటముగా వ్రాశారు. ఆనకట్టకు ఇంగ్లీషువారు వాడే మాట కూడ మన భాషల నుండి వెళ్లినదే. వేలూరు పక్కనే అణైకట్టు అనే ఊరు మనకు తెలిసినదే కదా. కాటన్ గారు ఆ మాటతో పాటు పనిని కూడ మన వారి దగ్గరనే నేర్చుకొన్నారు. చదువుకొన్న విశ్వాసికి ఈ దీనత్వము ఎంతో అవసరము.

వివాహము

ఎండలలో తిరిగి తిరిగి ఆయన ఆరోగ్యము చెడింది. జ్వరాలు పదే పదే వచ్చేవి. సెలవు మీద ఆస్ట్రేలియా పక్కనున్న టాస్మానియా దీవికి వెళ్లారు. అక్కడ 1841లో ఎలిజబెత్ లియర్‌మంత్ అనే విశ్వాసురాలిని వివాహము చేసుకొన్నారు. అప్పటికి ఆయన వయసు ముప్పది ఎనిమిది. మరుసటి సంవత్సరము, 1842లో, కుమార్తె పుట్టింది. ఆమెకు కూడ తల్లి పేరే పెట్టారు. 1843లో భార్యను, చంటి బిడ్డను తీసుకొని మరల మన దేశమునకు వచ్చారు. ఈసారి ప్రభుత్వము ఆయనను పంపినది తెలుగు సీమకు. మొదట విశాఖపట్నములో సముద్రపు కోత నుండి ఊరిని కాపాడే పని చూచి, ఆ తరువాత గోదావరి ఒడ్డుకు చేరారు.

నది పక్కనే ఆకలి

ఆనాటి గోదావరి జిల్లా నేటి కోనసీమ వలె ఉండేదని ఊహించకండి. 1832, 1833 సంవత్సరాలలో డొక్కల కరువు వచ్చింది. మనుష్యుల డొక్కలు ఎండిపోయిన కరువు గనుక ఆ పేరు వచ్చింది. తరువాత 1839లో కోరంగి తీరమును ఉప్పెన ముంచింది. 1821లో రాజమండ్రి జిల్లా జనాభా 7 లక్షల 38 వేలు. ఇరవై యేళ్ల తరువాత, 1841లో, 5 లక్షల 61 వేలు. చచ్చినవారు చావగా, మిగిలినవారు ఊళ్లు విడిచిపోయారు. బ్రతుకుతెరువు కొరకు ఊరు విడుచుట అంటే ఏమిటో మనకు తెలుసు. మన పెద్దలు కూడ అలా వచ్చినవారే.

ఇదంతా జరిగినది నీళ్లు లేని మెట్ట ప్రాంతములో కాదు, దేశములోని మహా నదులలో ఒకటైన గోదావరి పక్కనే. ప్రతి యేడు ఆ నది పొంగి, పంటను ముంచి, సముద్రములో కలిసిపోయేది. మరల కొన్ని నెలలకు అదే పొలము నీటిచుక్క లేక పగిలేది. కాటన్ గారు నది ఒడ్డున గుఱ్ఱము మీద తిరిగి, కొలతలు వేసి, 1844, 1845లలో ప్రభుత్వమునకు నివేదికలు పంపారు. ధవళేశ్వరము దగ్గర నదికి అడ్డముగా ఆనకట్ట కట్టాలని కోరారు. డబ్బు ఖర్చు అనగానే కంపెనీ వారు వెనుకాడేవారు. వారికి దయ గూర్చి చెప్పితే చెవికెక్కదని ఎరిగిన కాటన్ గారు లాభము గూర్చి లెక్క వేసి చూపారు. చివరకు 1846లో అనుమతి వచ్చింది. 1847లో పని మొదలైంది.

అయిదేళ్ల పని

ధవళేశ్వరము దగ్గర గోదావరి లంకల మధ్య నాలుగు పాయలుగా ఉంటుంది. కాబట్టి ఆనకట్ట కూడ నాలుగు ముక్కలు: ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము. నాలుగింటి కట్టడము కలిపి దాదాపు 12,000 అడుగులు, అంటే రెండుంబావు మైళ్లు. లంకలను కలుపుకొంటే ఒడ్డు నుండి ఒడ్డుకు సుమారు నాలుగు మైళ్లు. అడుగున ఇక్కడ కూడ ఇసుకే. బావులవలె గుండ్రని కట్టడాలను ఇసుకలోనికి దించి, వాటి మీద గోడ లేపి, దిగువన నీటి దెబ్బకు ఇసుక కొట్టుకొనిపోకుండ పెద్ద రాళ్లు పరిచారు. కావేరి దగ్గర నేర్చుకొన్న పాఠము ఇక్కడ పనికి వచ్చింది.

వరద తగ్గిన తరువాత మొదలుపెట్టి మరల వరద వచ్చేలోపల ఆ యేటి పని ముగించుకోవాలి. ధవళేశ్వరపు కొండను త్రవ్వి, రాయిని ఇనుప పట్టాల మీద బండ్లలో నది ఒడ్డుకు దింపేవారు. పని ముమ్మరముగా ఉన్నప్పుడు దాదాపు పదివేల మంది కూలీలు ఉండేవారు. వారికి కూలి సక్రమముగా ముట్టాలి, నీడ కావాలి, జబ్బు చేస్తే మందు కావాలి. ఈ పనిలో కాటన్ గారికి కుడి భుజముగా నిలిచినవారు వీణెం వీరన్న గారు. కూలీలను సమకూర్చుట, వారితో వారి భాషలో మాట్లాడుట, పని జరిపించుట వీరన్న గారి వంతు. కాటన్ గారు ఆ ఘనతను తన ఖాతాలో వేసుకోలేదు. వీరన్న గారి సేవను పై అధికారులకు తెలియజేశారు. ధవళేశ్వరములో వీరన్న గారి జ్ఞాపకము నేటికీ నిలిచి ఉంది.

కొండ మీది ఇల్లు

ఆ సంవత్సరాలలో కాటన్ గారి కుటుంబము రాజమండ్రిలో బంగళా చూచుకొని ఉండలేదు. ధవళేశ్వరములో రాయి త్రవ్వే కొండ దగ్గరనే కాపురము పెట్టారు. పాములు తిరిగే చోటు. పగలంతా రాయి కొట్టే చప్పుడు, దుమ్ము, వేసవిలో చెప్పనలవి కాని వేడి. ఆ ఇంటిలోనే చిన్న ఎలిజబెత్ పెరిగింది. తండ్రి పని ఏమిటో ఆ బిడ్డకు ఎవరూ చెప్పనక్కరలేదు. వాకిట నిలబడితే కనబడేది.

మనలో ఎందరో ఉద్యోగము కొరకు కుటుంబమును ఊరిలో విడిచి ఉంటున్నారు. అది తప్పని చెప్పుట లేదు. అవసరము అటువంటిది. అయితే పని ఎంత గొప్పదైనా ఇల్లు వేరు, పని వేరు అని కాటన్ గారు విడదీయలేదు. భార్య ఆయన కష్టములో పాలిభాగస్థురాలు. ఇంటిలో కుటుంబ ప్రార్థన ఆగలేదు. ఆ ఫలము తరువాత కనబడింది. కుమార్తె ఎదిగి సువార్తికురాలైంది. ఇంగ్లండులో త్రాగుడుకు బానిసలైన పనివారి కొరకు కాఫీ గదులు తెరిచి, అక్కడ వారికి ప్రభువును గూర్చి చెప్పింది. తండ్రి మరణించిన తరువాత 1900లో ఆయన జీవిత చరిత్రను ప్రచురించినది కూడ ఆమెయే. లేడీ హోప్ అని ఆమెను లోకము ఎరుగును. తండ్రిని దగ్గర నుండి చూచిన బిడ్డ ఆయన విశ్వాసమును గూర్చి గ్రంథము వ్రాసినదంటే, తండ్రికి అంతకంటే పెద్ద యోగ్యతాపత్రము ఏముంటుంది? బయటివారు మనలను మెచ్చుకొనవచ్చు. ఇంటిలోని పిల్లలు ఏమంటారో అది అసలు పరీక్ష.

ఆదివారము

వరద నెలలు తరుముకొని వస్తున్నా, కాటన్ గారు ఆదివారమున పని చేయించలేదు. ఇది చిన్న సంగతి కాదు. ఒక్క దినము పోతే ఎన్ని అడుగుల గోడ ఆగిపోతుందో ఆయనకు అందరికంటే బాగా తెలుసు. అయినా కూలివానికి విశ్రాంతి ఇచ్చుట, దేవుని ఆరాధించుట, రెండూ ఆయన దృష్టికి దేవుని ఆజ్ఞలే. ఆ రోజులలోనే నరసాపురము, పాలకొల్లు ప్రాంతాలలో బౌడెన్, బీర్ అనే ఇద్దరు మిషనరీలు సేవ చేస్తూ ఉన్నారు. ఏ సంఘపు జీతము లేకుండ విశ్వాసము మీద ఆధారపడి 1836లో ఈ దేశమునకు వచ్చినవారు వారు. ఆనకట్ట కూలీల మధ్య కూడ తెలుగులో సువార్త ప్రకటించబడింది. గోదావరి డెల్టాలో నేడున్న అనేక సంఘాలకు ఆ సేవయే మొదలు.

కాటన్ గారి క్రింద పని నేర్చుకొన్న హేగ్ అనే యువ ఇంజనీరు కూడ అదే మార్గములో నడిచారు. కోనసీమలో గన్నవరము దగ్గర వైనతేయ పాయ మీదుగా కాలువను దాటించిన పాత అక్విడెక్టు హేగ్ గారు కట్టించినదే. తరువాత ఆయన ఎగువ గోదావరి మీద దుమ్ముగూడెములో పనిచేస్తూ, అడవిలోని కోయవారికి సువార్త లేదని చింతించి, వారి మధ్య మిషను ఆరంభమగుటకు కారకులయ్యారు. ఆయన కచేరీలో పనిచేసిన వెంకటరామరాజు గారు క్రీస్తును అంగీకరించి కోయవారికి సేవకుడయ్యారు. చూడండి, పెద్దవాడు దేవునికి భయపడితే, అతని క్రింద పనిచేసే చిన్నవారు ఎంత దూరము వెళ్తారో!

రోగము, పని ముగింపు

పని మొదలై ఒక సంవత్సరము కాగానే, 1848లో, కాటన్ గారికి వడదెబ్బ తగిలి ఆరోగ్యము పూర్తిగా కూలిపోయింది. మరల సెలవు పెట్టి ఆస్ట్రేలియా వైపు వెళ్లవలసి వచ్చింది. తాను కలగన్న పని సగములో ఉండగా మంచము పట్టి ఓడ ఎక్కుట ఎంత కష్టమో ఊహించండి. ఓర్ అనే ఇంజనీరు పనిని కొనసాగించారు. 1850లో కాటన్ గారు తిరిగి వచ్చేసరికి పని ఆగలేదు, ఆయన లేని లోటు గోడలో కనబడలేదు. తాను లేకపోతే జరగదు అనుకొనే మనిషి కట్టిన పని అతనితోనే పడిపోతుంది. ఇతరులకు నేర్పినవాని పని నిలుస్తుంది. మన సంఘ పెద్దలు కూడ దీనిని మనస్సున ఉంచుకొనవలెను.

1852 మార్చి నాటికి ఆనకట్ట పూర్తయింది. నీరు కాలువలలోనికి తిరిగింది. ఆకలికి పేరుపడిన జిల్లా అన్నము పెట్టే జిల్లా అయింది. ఆ వెంటనే బెజవాడ దగ్గర కృష్ణకు కూడ ఓర్ గారి చేతి మీదుగా 1855లో ఆనకట్ట పూర్తయింది. మన పక్కన వాలాజాపేట దగ్గర పాలారుకు అడ్డముగా ఉన్న ఆనకట్ట కూడ ఆ 1850ల నాటిదే. ఆ కాలువల మీద పడవలు నడిచాయి. గోదావరి, ఏలూరు, కొమ్మమూరు కాలువలు, తీరము వెంబడి బకింగ్‌హాము కాలువ అన్నీ కలిసిన తరువాత, కాకినాడ నుండి మద్రాసు దాకా నీటి మీదనే రావడానికి వీలు కలిగింది. బియ్యము బస్తాలతో పాటు తెలుగువారు ఎందరో ఆ దారినే చెన్నపట్టణము వచ్చి స్థిరపడ్డారు.

ఓటమి, విచారణ

కాటన్ గారు పట్టినదెల్ల బంగారమైంది అని చెప్పితే అది సాక్ష్యము కాదు, పొగడ్త అవుతుంది. ఆయన సలహా మీద 1858లో ఏర్పడిన మద్రాసు ఇరిగేషను కంపెనీ, సుంకేశుల దగ్గర తుంగభద్రకు అడ్డము కట్టి కర్నూలు కడప కాలువ త్రవ్వించింది. లెక్కలు తప్పాయి. అనుకొన్నదానికంటే ఖర్చు ఎంతో పెరిగింది. నల్లరేగడి రైతులు నీటి పన్ను కట్టి నీళ్లు తీసుకొనడానికి ముందుకు రాలేదు. కంపెనీ నష్టములో కూరుకొనిపోగా 1882లో ప్రభుత్వము దానిని కొనవలసి వచ్చింది. కాటన్ గారి విరోధులు ఈ సంగతిని ఎత్తి చూపుతూనే వచ్చారు. అయితే ఆ కాలువ వ్యర్థము కాలేదు. రాయలసీమ రైతులకు ఈనాటికీ అది నీరిస్తూనే ఉంది. విత్తినవాడు కోతను చూడకపోవచ్చు.

1860 ప్రాంతములో ఉద్యోగము విరమించి ఆయన ఇంగ్లండు చేరారు. 1861లో సర్ బిరుదు వచ్చింది. ఇక విశ్రాంతిగా ఉండవచ్చు. కాని 1876 నుండి 1878 వరకు దక్షిణ దేశమును మహా కరువు పట్టి, లక్షల మంది చనిపోయినప్పుడు ఆయన ఊరుకోలేదు. రైలు దారులకు అంత ధనము పోస్తూ, నీటి కాలువలకు చేయి ముడుచుకొన్నారని ప్రభుత్వమును బహిరంగముగా నిలదీశారు. 1878లో పార్లమెంటు సంఘము ఆయనను పిలిచి ప్రశ్నించింది. అప్పటికి ఆయనకు 75 ఏళ్లు. ఆయన లెక్కలను అనుమానించినవారు, అతిశయోక్తి చెప్పుచున్నారన్నవారు ఎందరో. ఫ్లారెన్స్ నైటింగేలు వంటి కొద్దిమంది ఆయన పక్షము వహించారు. సంఘము తీర్పు ఆయనకు అనుకూలముగా రాలేదు. అయినా ఆయన చేదుబారిపోలేదు.

చివరి సంవత్సరాలు ఆయన డోర్కింగు అనే ఊరిలో భార్యతో గడిపారు. తోటలో లోతుగా త్రవ్వి గోధుమ పండించే ప్రయోగాలు చేశారు. సువార్తకు ఉపయోగపడాలని అరబ్బీ భాషను సులువుగా నేర్పే చిన్న పుస్తకమును 1876లో తయారు చేశారు. చేతులు ముడుచుకొని కూర్చొనుట ఆయనకు తెలియదు. 1899 జూలై 24వ తేదీన, 96 ఏళ్ల నిండు వయసులో, ప్రభువునందు నిద్రించారు.

మనము ఏమి నేర్చుకొందుము?

పాత ఆనకట్ట నూట ఇరవై యేళ్లకు పైగా పనిచేసింది. దాని దగ్గరనే కొత్త బ్యారేజి కట్టి 1982లో దానికి ఆయన పేరే పెట్టారు. దాని క్రింద నేడు సుమారు పది లక్షల ఎకరాలు సాగవుతున్నాయి. గోదావరి జిల్లాలలో ఊరూరా ఆయన విగ్రహాలు ఉన్నాయి. మే 15న దండలు వేస్తారు. మనము విగ్రహమునకు మ్రొక్కము. ఆయన కూడ దానిని కోరి ఉండరు. కాని ఆ ప్రజల కృతజ్ఞత నిజమైనది. మతమేదైనా, ఆకలి తీర్చినవానిని మనుష్యులు మరువలేదు.

ఒక సంగతి మాత్రము దాచకుండ చెప్పుకోవాలి. ఆ ఇసుక మోసినది, రాయి కొట్టినది, కాలువ త్రవ్వినది పేదలు. వారిలో ఊరికి వెలుపల నివసించిన మన పూర్వికుల వంటివారు అనేకులు. నీరు పారిన తరువాత భూమి పండింది గాని, ఆ భూమి వారిది కాలేదు. కూలి దొరికింది, ఆకలి తగ్గింది, అంతే. కాటన్ గారు నీటిని పంచగలిగారు, భూమిని పంచలేదు. కంపెనీ ప్రభుత్వము కూడ ధర్మము కొరకు కాక పన్ను కొరకే డబ్బు ఇచ్చింది. మంచి మనిషి చేసిన మంచి పనిలో కూడ మిగిలిపోయిన భాగము ఉంటుంది. దానిని మనము చేయాలి.

మన బాప్టిస్టు చరిత్రలో దీనికి జతపడే జ్ఞాపకము ఒకటి ఉంది. ఒంగోలు మిషనరీ క్లఫ్ దొరగారు సేవలోనికి రాకముందు అమెరికాలో భూమి కొలిచే పని నేర్చినవారు. 1877 కరువులో ఆయన ఆ విద్యను జ్ఞాపకము చేసుకొని, బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల పనిని కంట్రాక్టు తీసుకొని, ఆకలితో ఉన్న మాదిగ, మాల కుటుంబాలకు కూలి ఇచ్చి బ్రతికించారు. అన్నము కొరకు వచ్చారన్న మాట రాకూడదని కరువు దినాలలో బాప్తిస్మము ఇవ్వలేదు. ఆ తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో, వెల్లంపల్లి దగ్గర, ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఇద్దరు దొరలలో ఒకరు ఇంజనీరు, ఒకరు బోధకుడు. కాని ఇద్దరి చేతిలోను కొలత గొలుసు ఉంది. ఇద్దరి హృదయములోను పేదవాడు ఉన్నాడు.

మన పిల్లలు నేడు ఇంజనీరింగు చదువుచున్నారు. కొందరు వేలూరులోనే చదివి దేశ దేశాలకు వెళ్లుచున్నారు. వారిని సాగనంపునప్పుడు మంచి జీతము రావాలని ప్రార్థన చేస్తాము. మంచిదే. దానితో పాటు ఇంకొక ప్రార్థన కూడ చేయుదము. వారు వేసే కొలత సరియైనదై ఉండాలని, కలిపే సిమెంటులో మోసము ఉండకూడదని, తమకంటే చదువు తక్కువైన మేస్త్రీ దగ్గర నేర్చుకొనే వినయము ఉండాలని, కూలివాని కూలి సాయంకాలమునకే అతని చేతిలో పడాలని, ఇంటికి వచ్చి బిడ్డలతో మోకరించాలని. ప్రత్యక్ష గుడారము పని కొరకు దేవుడు బెసలేలును తన ఆత్మతో నింపినట్లు బైబిలులో చదువుచున్నాము. చేతిపని చేయువానికి కూడ దేవుని ఆత్మ కావాలి.

పరదేశములో కాపురము కూడ ఇసుక నేల వంటిదే. కాలి క్రింద గట్టిగా ఏమీ ఉన్నట్టు కనబడదు. భాష వేరు, ఊరు వేరు, పిల్లలు రేపు ఎక్కడుంటారో తెలియదు. అయినా మన పెద్దలు ఇక్కడ ప్రార్థన మందిరాలు కట్టారు, తెలుగు బైబిలును పిల్లల చేతిలో పెట్టారు. ఇసుక ఉందని కట్టుట మానలేదు. ఒక్కొక్క రాయిని దించుతూ పోయారు. ఇక దిగనంత వరకు దించుతూ పోవుట మన వంతు. నిలువబెట్టుట ఆ బండయైన క్రీస్తు వంతు. ఆయన కృప మన కుటుంబాలకు, మన చేతి పనులకు తోడైయుండును గాక. ఆమేన్.